తిమ్మప్ప తొలిమాట

అద్దాల గదిలో నిలబడి ఫోనులో మాట్లాడేవాడికి తన మాట మూడోవాడికి వినిపించదన్న నమ్మకం ఉంటుంది. వనపర్తి బస్టాండు ఎదుట తిమ్మప్ప నడిపే ఎస్టీడీ డబ్బాలో ఆ నమ్మకానికి ఆధారం లేదు. గది తలుపు అడుగున ఉండవలసిన రబ్బరు పట్టీ ఎన్నడో ఎండి రాలిపోయింది. లోపల అన్న మాట ఆ సందులోనుంచి బయటికి పారి, బల్ల వెనక కుర్చీలో కూర్చున్న తిమ్మప్ప చెవిన పడేది. కొత్త పట్టీ వేయించడం పెద్ద పనేమీ కాదు. వేయించాలని అతనికి ఎన్నడూ తోచలేదు.

చిన్ననాటి పోలియోతో అతని ఎడమకాలు చిక్కిపోయింది. వికలాంగుల కోటాలో సర్కారు ఇచ్చిన డబ్బా అది. పొద్దున్నే వచ్చి చంకకర్ర గోడకానించి, బీచుపల్లి ఆంజనేయస్వామి పటానికి సిందూరం పెట్టి, రిసీవరును తడిగుడ్డతో తుడిచి కూర్చున్నాడంటే మళ్ళీ దీపాల వేళకే లేవడం. కూర్చున్న చోటు కదలనివాడికి లోకమంతా చెవిదారినే వచ్చింది.

పల్లెలనుంచి వచ్చే పెద్దవాళ్ళకు ఫోనంటే బెదురు. అవతలి ఊళ్ళో ఏ కిరాణా కొట్లోనో ఫోను మోగి తమను పిలుస్తున్నారంటే, అందుకోబోయేవాళ్ళ గుండె సగం దారిలోనే జారిపోయేది. అంత దూరంనుంచి పనిగట్టుకొని వచ్చేది చావు కబురే అన్నది వాళ్ళ లెక్క. అందుకని తిమ్మప్ప ఒక పద్ధతి పెట్టుకున్నాడు. బల్ల మీది ఫోనులో నంబరు తానే నొక్కి, తొలిమాట తానే చెప్పేవాడు: “వనపర్తి బస్టాండు కాన్నించి తిమ్మప్పను. భయపడకుండ్రి, అందరు మంచిగున్నరు.” అప్పుడు అదే లైను మీద గదిలో ఉన్న రెండో ఫోను రిసీవరు మనిషి చేతికిచ్చి, తలుపు వేసి వచ్చేవాడు. నిజంగా చావు కబురే అయితే ‘మంచిగున్నరు’ అన్న మాట మింగి, “జర కూసోని వినుండ్రి” అనేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఈ రెండు మాటలూ ఎరగనివారు లేరు. ‘తిమ్మప్ప ఏమన్నడు?’ అన్నదే వాళ్ళ మొదటి ప్రశ్న. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. తిమ్మప్ప నోరు అలాంటి మంచి నోరని పేరు పడింది.

ఆ పేరే అతనికి కొంత గర్వాన్ని కూడా ఇచ్చింది. సాయంకాలం పక్కనున్న అజీజ్ చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చొని, పగలంతా విన్న మాటలకు గొంతులు పెట్టి చెప్పేవాడు. ఏ పనివాడు ఏ మాటను ఎక్కడ తుంచి ఎలా వాడతాడో, ఒకరి తుంపు ఇంకొకరి దగ్గర ఏమవుతుందో అతనికి కొట్టిన పిండి.

“దవాఖానోళ్ళు ‘డిస్’ అన్నరనుకో, గది డిశ్చార్జి. మనిషి ఇంటికి పోతుండని ఇంటోళ్ళకు సంబురం. డిపోవోళ్ళు ‘డిస్’ అన్నరనుకో, గది డిస్మిస్. గాడ గూడ మనిషి ఇంటికే పోతుండు. గని ఇంటోళ్ళకు ఏడుపు.”

“మరి నా హోటల్ల ‘డిస్’ అంటే ఏంది?” అన్నాడు అజీజ్, గిన్నెలో గరిటె తిప్పుతూ.

“నీ కాడ మాటకు కోత లేదు అజీజ్ భాయ్. కోతంత పాలల్లనే.”

బెంచీ అంతా నవ్వింది. “బావుల రామన్నది చెప్పరాదు,” అని ఎవరో అందించారు.

రామన్న గద్వాల వైపు మనిషి. వేసవి వస్తే వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లో రాతిబావులు పేల్చే మేస్త్రీ. పేలుళ్ళ పక్కనే బతికి చెవులు మందగించి, ఫోనులో బస్టాండంతా వినేటట్టు అరిచేవాడు. అవతల ఎత్తింది ఎవరో పోల్చుకోలేక, ఇంటికి చేసేటప్పుడు మాత్రం తిమ్మప్ప చేతనే తొలిమాట చెప్పించుకొనేవాడు.

తిమ్మప్ప తలగుడ్డ చుట్టుకుంటున్నట్టు చేతులు తిప్పి, రామన్న గొంతు పెట్టాడు. “‘పార్టీ ఒప్పుకున్నది. మందు పంపు. పొద్దుగాల లేపుత.’ గంతే ఆయన ముచ్చట. వకీలు గుమాస్తకు పార్టీ అంటే దావకు వచ్చినోడు. పల్లికాయ దలాలుకు కొనేటోడు. రామన్నకేమో బావి లోతు చేయించుకునే రైతు. ఇగ మందు సంగతి చెప్పాల్నా? కాంపౌండర్ చేతుల ఒకటి, ఎరువుల దుకాణంల ఒకటి, పొద్దూకితే మీ అందరి చేతుల ఒకటి.”

అందరికంటె ఎక్కువ నవ్వినవాడు బెంచీ చివర సాసరులో చాయ్ పోసుకొని తాగుతున్న కొత్త మనిషి. తాగి, సాసరును చప్పుడు కాకుండా బెంచీ మీద పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

మరునాటి మధ్యాహ్నం ఆ మనిషి డబ్బాలోకి వచ్చాడు. నంబరు చెప్పలేదు. నేరుగా అద్దాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకొని, రిసీవరు ముట్టకుండానే, గోడవైపు తిరిగి లోగొంతుకతో ఒక మాట అన్నాడు. బయటికి వచ్చి తిమ్మప్ప ఎదుట నిలబడ్డాడు.

“నేనేమన్న?”

“నా పేరు అన్నరు సార్.”

“మంచిగ వినపడ్డది గద?”

“వినపడ్డది.”

మనిషి స్టూలు లాక్కొని కూర్చున్నాడు. “శ్రవణ్ కుమార్ అంటరు. మఫ్టీ పని. ఏ ఆఫీసని అడుగకు.”

తిమ్మప్ప అడగలేదు. సర్కారుకూ అడవిలోవాళ్ళకూ నడిచిన చర్చలు చెడిపోయి, అటువైపు ఊళ్ళకు పొద్దుగూకితే బస్సులు ఆగిపోయిన కాలం అది. అడవిలోవాళ్ళను ‘లోపలోళ్ళు’ అనీ ‘పార్టీ’ అనీ జనం గొంతు దించుకొని పలికేవారు. మఫ్టీ అన్న మాటకైతే గొంతే పెగిలేది కాదు.

“లోపలోళ్ళకు మందు ఎవలిస్తుండ్రని పైనోళ్ళు ఒక పేరు అడుగుతుండ్రు. రామన్న పేరు రాస్తున్న,” అన్నాడు శ్రవణ్ కుమార్.

“సార్, ఆయన బావులు పేలుస్తడు. లైసెన్సు దుకాణంలనే కొంటడు. పార్టీ అంటే రైతు సార్, లేపుడు అంటే బండ...”

“నాకు తెల్వదా? నిన్న నువ్వే చెప్పితివి, చాయ్ తాగుకుంట విన్న. మంచిగ నవ్వుకున్న గూడ.” అతని గొంతులో కోపం లేదు. అదే తిమ్మప్పను ఎక్కువ భయపెట్టింది. “అర్థం మాకొద్దు తిమ్మప్ప. మాట కావాలె. ఏ మాట అన్నడో గదే మాట వచ్చి సారు ముంగట చెప్పు. ఒకటి ఎక్కువొద్దు, ఒకటి తక్కువొద్దు.”

“గరీబోడు సార్. పిల్లలున్నరు.”

శ్రవణ్ కుమార్ లేచి, గోడ మీద ఫోను తీగ వెంట వేలు పెట్టి చూరు దాకా నడిపించాడు. తీగ చూరు దాటే చోట వేలు ఆపి, ఒకసారి తట్టాడు. “సర్కారు లైను. ఇన్ని దినాలు వినుకుంట చెప్పనోని పేరు గూడ అదే పేరు పక్కన రాస్తరు. బేస్తారం నాడు నాగర్‌కర్నూలు రా. బస్టాండు కాడ ఉంట.”

అతడు వెళ్ళిన తర్వాత ఒక ముసలమ్మ వచ్చి కొడుకు నంబరు రాసిన చీటీ చాచింది. తిమ్మప్ప నొక్కబోతే వేలు పక్క అంకె మీద పడింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ తప్పింది. “ఏంది కొడుకా, జరమొచ్చిందా?” అని ఆమె అతని నుదురు తాకి చూసింది.

ఇంట్లో భీమమ్మ విత్తనానికి పల్లికాయ ఒలుస్తూ ఉంది. పెనిమిటి చెప్పిందంతా వింటూ, బొటనవేలితో కాయ చివర నొక్కి, చిట్లిన చప్పుడుకు చప్పుడు చేరుస్తూ పోయింది. మధ్యలో ఒక్కసారి చేయి ఆపింది.

“పోకుంటే ఏమైతది?”

“డబ్బా పోతది. నేను గూడ పోవచ్చు.”

“పోతే?”

“రామన్న పోతడు.”

ఆమె ఒళ్ళోని పొట్టు దులుపుకుంది. “మంది భయం పోగొట్టేటోనివి నువ్వు. నీకే భయమైతే నేనేం చెప్పాలె? ఆ హోటల్ బెంచీ మీద గొంతులు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పిన.” అని, చేట దగ్గరికి లాక్కొని మళ్ళీ ఒలవసాగింది. పెదవి దాటితే పృథివి దాటుతుందన్న మాట చిన్నప్పుడు తాత నోట ఎన్నిసార్లు విన్నాడో తిమ్మప్ప. పృథివి అంత దూరం అక్కర్లేదు, బెంచీ ఈ కొసనుంచి ఆ కొసకు దాటితే చాలునని ఇప్పుడు తెలిసింది.

బుధవారం పొద్దున రామన్న వచ్చాడు. బండరాతి దుమ్ము కనుబొమల దాకా పట్టి ఉంది. తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుంటూ, “అన్నా, దుకాణానికి కలుపు,” అన్నాడు.

తిమ్మప్ప అజీజ్ హోటల్ వైపు చూశాడు. బెంచీ చివర సాసరు ఉంది. సాసరు వెనక మనిషి ఉన్నాడు. ఈ వైపు చూడడం లేదు. చూడనవసరం లేనివాడిలా వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు.

“తమ్మీ, ఇయాల ఫోన్ వద్దు. పో,” అన్నాడు తిమ్మప్ప, పెదవులు కదిలీ కదలకుండా.

“ఏందన్నా? వినపడలే. జర గట్టిగ చెప్పు.”

“ఏం లేదు. లైను మంచిగ లేదంటున్న.”

“నా గొంతుకు లైను ఎందుకన్నా, అరిస్తే గద్వాల దాక పోతది,” అని నవ్వి, రామన్న లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. బిజినేపల్లి దగ్గర బావిలో బండ అడ్డం వచ్చిందనీ, పార్టీ ఒప్పుకున్నదనీ, మందు పంపమనీ, పొద్దుగాల లేపుతాననీ అరిచాడు. చెట్టు కింద నిలబడ్డ బస్సు డ్రైవరు కూడా తల తిప్పి చూశాడు. తిమ్మప్ప మీటరు మీద కళ్ళు నిలిపి కూర్చున్నాడు.

గురువారం నాటి బస్సులో అతడు మాటలు కూర్చుకున్నాడు. ‘అయ్యా, పార్టీ అంటే రైతు. మందు అంటే బండ పగలగొట్టే మందు. దుకాణం వాళ్ళు లెక్క రాసుకొనే ఇస్తారు. ఆ మనిషికి చెవులు వినపడవు, దాచుకొని మాట్లాడడం కూడా రాదు.’ ఒక్కొక్క మాటనూ పద్యంలో పాదం సరిచూసుకున్నట్టు సరిచూసుకున్నాడు. బిజినేపల్లి దాటాక రోడ్డుకు కొంత దూరంలో కొత్తగా పేల్చిన బావి ఒడ్డున నీలపు రాళ్ళ గుట్ట కనిపించింది. తట్టలు మోసే ఆడవాళ్ళు ఆగి బస్సును చూశారు. తిమ్మప్ప కిటికీనుంచి ముఖం తిప్పుకున్నాడు. చొక్కా జేబులో భీమమ్మ పెట్టిన సిందూరపు పొట్లం ఉంది. దానిమీద చేయి ఆనించుకొని కూర్చున్నాడు. దూతగా పోయి శత్రువు కొలువులో నిలబడి బెదరక మాట్లాడిన దేవుడు ఆంజనేయుడు. తిమ్మప్ప ఎన్నడూ ఏ కొలువులోనూ నిలబడినవాడు కాడు.

శ్రవణ్ కుమార్ అతన్ని ఒక గదిలోకి తీసుకుపోయాడు. పలకలాంటి బల్ల వెనక సారు ఏదో చదువుకుంటున్నాడు. తలుపు దగ్గర ఒక కుర్రజవాను. కుర్చీ ఉంది కాని కూర్చోమని ఎవరూ అనలేదు. కర్ర మీద బరువు మోపి తిమ్మప్ప నిలబడ్డాడు.

“చెప్పు,” అన్నాడు సారు.

“అయ్యా, పార్టీ అంటే...”

“అంటే వద్దు.” సారు తల ఎత్తలేదు. “అన్నది చెప్పు.”

తిమ్మప్ప కూర్చుకున్న వాక్యాలన్నీ ఆ ఒక్క మాటకు పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోయాయి. చంకకర్ర అడుగు గచ్చు మీద జారుతున్నట్టనిపించింది. సారు పుట తిప్పాడు. ఆ కాగితం చప్పుడు వింటూనే తిమ్మప్ప నోరు దానంతట అది తెరుచుకుంది.

“పార్టీ ఒప్పుకున్నది. మందు పంపు. పొద్దుగాల లేపుత.”

చెప్పాక తెలిసింది, తన గొంతుతో చెప్పలేదని. ఎన్ని సాయంకాలాల అలవాటో. భయంలో కూడా తప్పలేదు. రామన్న అరుపు, రామన్న సాగదీత, చివరిమాట దగ్గర రామన్న తల విదిలింపు. తలుపు దగ్గరి కుర్రజవాను ఫక్కున నవ్వాడు. అజీజ్ హోటల్ బెంచీ మీద నవ్వినట్టే నవ్వాడు.

“పో,” అన్నాడు సారు.

శనివారం అజీజ్ కబురు తెచ్చాడు. డబ్బా బల్ల మీద చాయ్ గ్లాసు పెట్టి, వంగి, “రామన్నను బావి కాన్నించి తీస్కపోయిండ్రంట. ఎవలు తీస్కపోయిండ్రో, యాడికో ఎవలకు తెల్వదు,” అన్నాడు. తిమ్మప్ప గ్లాసు అందుకోలేదు. అజీజ్ అతని ముఖం చూసి, “నువ్వేం పరేషాన్ గాకు. గాయినకేం సంబంధం, ఇడిచిపెడ్తరు,” అని తన హోటల్‌కు పోయాడు. ఆ సాయంకాలం తిమ్మప్ప బెంచీ మీదికి పోలేదు. పిలిచినవాళ్ళకు కడుపునొప్పి అన్నాడు.

అప్పటిదాకా తన కోసం భయపడ్డాడు. ఇప్పుడు ఆ భయం పోలేదు. దాని కిందనుంచి ఇంకొకటి పైకి వచ్చింది. డబ్బా ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడేవాడు. మనుషుల భయం తీర్చడానికి నోరు అరువిచ్చినవాడు, మోగే ఫోనును చూస్తూ అది ఆగాలని కోరుకోసాగాడు. ఒకసారి ఆగలేదు. ఎత్తాడు.

“అన్నా, నేను పార్వతమ్మను. రామన్న ఇంటామెను.” పక్కింటి ఫోనులో ఆమె ఊపిరి కూడా వినిపిస్తున్నది. “మా ఆయన ఫోన్ చేస్తలేడు. నీ కాడికి వచ్చిండా? ఏమన్న తెల్సా అన్నా?”

“తెల్వదమ్మా.”

“నువ్వు మంచిగున్నడు అంటే నాకు ధైర్నముంటది.”

లైను బాగా లేదన్నాడు. పెట్టేశాడు. పటం వైపు చూడకుండా, రిసీవరును తడిగుడ్డతో తుడిచాడు. తుడిచినదే మళ్ళీ తుడిచాడు.

ఆ తరవాతి వారం, బస్టాండులో ఎండ నిలువునా దిగిన వేళ, రామన్న వచ్చాడు.

తలగుడ్డ లేదు. దవడ ఒకవైపు వాచి, కన్ను సగం మూసుకుపోయింది. ఎడమచేతి వేళ్ళు కలిపి గుడ్డ కట్టి ఉంది. గడప దగ్గర గోడ పట్టుకొని, ఒక కాలు లోపల పెట్టి, కొంతసేపు ఆగి, రెండోది పెట్టాడు. అతడు బల్ల దాకా వచ్చేలోగా తిమ్మప్ప లేవాలనుకున్నాడు. కర్ర చేతికి దొరకలేదు.

“ఇడిచిపెట్టిండ్రా?” అన్నాడు. అనవలసినది అది కాదని అంటూనే తెలిసింది.

“బావి రైతు వచ్చిండు. దుకాణపాయనను తోల్కొచ్చిండు. మా బావి కాడ పనిచేస్తడు సార్ అన్నడు. గంతే. పో అన్నరు.” బస్టాండంతా వినిపించే గొంతు ఇప్పుడు బల్ల దాటి రావడానికి కష్టపడుతున్నది. “ఇంటికి కలుపన్నా.”

తిమ్మప్ప రిసీవరు ఎత్తాడు.

“నోరు తిరుగుతలేదు. తొలుత నువ్వే చెప్పు.” రామన్న స్టూలు మీద కూర్చొని గుడ్డకట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు. “నా మాటలు నీకు నోటికొచ్చు గదన్నా.”

నంబరు మీదికి పోతున్న తిమ్మప్ప వేలు గాలిలోనే ఆగింది. ఫ్యాను తిరుగుతున్నది. బయట కండక్టరు గద్వాల, గద్వాల అని పిలుస్తున్నాడు.

“గాడ నా మాటలు నాకే చెప్పిండ్రు,” అన్నాడు రామన్న. అతని తెరుచుకున్న కన్నులో కోపం కోసం వెదికాడు తిమ్మప్ప. కోపం ఉంటే బాగుండుననిపించింది. “ఒక్కటి తప్పు పోలే. ఓ జవాను పిల్లగాడు నా గొంతు గూడ పెట్టి చెప్పిండు. తల గూడ నా లెక్కనే ఇదిలిచ్చిండు. అచ్చం నువ్వు హోటల్ల చేసినట్టే చేసిండు.”

“తమ్మీ...”

“కలుపన్నా. అది ఆడ ఎదురుసూస్తుంటది.”

తిమ్మప్ప నొక్కాడు. పక్కింటివాళ్ళు ఎత్తారు, పిలుచుకొస్తామన్నారు. అవతల ఎవరో పరుగెత్తిన చప్పుడు, గాజుల చప్పుడు. పార్వతమ్మ ఊపిరి వచ్చింది కాని మాట రాలేదు. ఆమె తొలిమాట కోసం ఎదురుచూస్తున్నది.

“వనపర్తి బస్టాండు కాన్నించి తిమ్మప్పను.”

అక్కడ ఆగిపోయాడు. ఇన్నేళ్ళలో అతని దగ్గర ఉన్నవి రెండే మాటలు. ‘మంచిగున్నడు’ అనడానికి ఎదురుగా ఆ దవడ ఉంది. ‘కూసోని విను’ అంటే అవతల ఆమె ప్రాణం అక్కడే పోతుంది. అవతలి ఊపిరి వేగం హెచ్చింది. రామన్నకు ఏమీ వినిపించడం లేదు. తిమ్మప్ప పెదవులనే చూస్తున్నాడు.

“చెప్పన్నా. అది భయపడ్తది.”

“బతికున్నడమ్మా,” అన్నాడు తిమ్మప్ప. అది ఎవరి గొంతూ కాదు, అతనిదే. సన్నగా, జీరగా వచ్చింది. “నా ముంగటనే ఉన్నడు. దెబ్బలు తగిలినయి. తగ్గుతయి. నోరు తిరుగుతలేదు, జర నిమ్మళంగ విను.”

లైను తెగకుండా రిసీవరు బల్ల మీద ఉంచి, రామన్నను చేయి పట్టి అద్దాల గదిలోకి నడిపించి, అక్కడి ఫోను అతని మంచి చేతికి అందించాడు. తలుపు వేశాడు. కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. తలుపు కింది సందులోనుంచి ఎప్పటిలాగే మాట పారి వచ్చింది. ఎన్నడూ వినని రామన్న గొంతు అది. అరుపు లేదు, ఒక్కొక్క ముక్క ఏరుకొని పెడుతున్నట్టుంది. అందులో పెళ్ళాం పేరు ఉంది. తరవాతి మాట వచ్చేలోగా తిమ్మప్ప కర్ర అందుకొని లేచాడు.

డబ్బాలో మనిషి మాట్లాడుతుండగా అతడు బయటికి రావడం అదే మొదలు. అజీజ్ గరిటె ఆపి చూశాడు. “ఏంది తిమ్మప్పా, లోపల ఫోన్ నడుస్తుంది గద, మీటర్ ఎవలు సూడాలె?”

తిమ్మప్ప బెంచీ దాటి, ఎండలో కర్ర టకటకమంటుండగా, రోడ్డు వారనున్న మల్లేశ్ సైకిల్ దుకాణం దాకా నడిచాడు. మల్లేశ్ పంక్చరు వేస్తూ తలెత్తాడు.

“పాత ట్యూబు ముక్క ఏమన్న ఉన్నదా తమ్మీ?”

“ఉన్నది.” మల్లేశ్ చంకకర్ర అడుగు చూశాడు. “కర్ర కిందికా అన్నా?”

“గాదు,” అన్నాడు తిమ్మప్ప. “తలుపు కిందికి.”